అరటి లారీకి గాలి తీసిన అన్నదమ్ములు

రావులపాలెం దాటాక హైవే పక్కన గంగరాజు మేస్త్రీది లారీల రిపేరు షెడ్డు. ఆయన బావమరుదులు తాతబ్బాయి, బుల్లెబ్బాయి అందులోనే పనిచేసేవారు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో తమంత తెలివైనవాళ్ళు గోదావరికి ఇటూ లేరు, అటూ లేరని పెద్దవాడు తాతబ్బాయి నమ్మకం. ఆ నమ్మకం తలుచుకుంటేనే మేస్త్రీకి చెమటలు పట్టేవి.

ఒకరోజు పొద్దున్నే మేస్త్రీ పెళ్ళికని తుని బయల్దేరాడు. ఆయన బస్సెక్కాడో లేదో, అరటిగెలల లారీ ఒకటి దగ్గుతూ వచ్చి షెడ్డు ముందు ఆగిపోయింది. సాయంత్రానికి సరుకు విశాఖపట్నం చేరకపోతే గెలలు పండిపోతాయని, షావుకారు తనని పనిలోంచి తీసేస్తాడని డ్రైవరు కోటిలింగం లబలబలాడాడు. తాతబ్బాయికి జాలేసి బావకి ఫోను చేశాడు.

డీజిలు అడుగంటేదాకా నడిపుంటాడు, గాలి పట్టేసింది, ఆ గాలి తీసెయ్యండి అన్నాడు మేస్త్రీ.

అంతే. అన్నదమ్ములు చెరో పక్కా కూర్చుని టైర్లన్నిట్లో గాలి తీసేశారు. స్టెపినీని కూడా వదల్లేదు. టీ తాగొచ్చిన కోటిలింగానికి లారీ పొట్టిగా కనబడింది.

మళ్ళీ ఫోను. గాలి పట్టింది డీజిలు పైపుకిరా అని మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. టైర్లకి గాలి కొట్టి, పైపు నట్టు వదులు చేసి, బుడగలు పోయేదాకా చేతిపంపు కొట్టమన్నాడు. అదంతా బాగానే చేశారు. అయినా ఇంజను మూలిగిందే గానీ తిరగలేదు. బ్యాటరీ దిగిపోయిందేమో చూడమన్నాడు మేస్త్రీ.

తాతబ్బాయి వంగి చూశాడు. "దిగలేదు బావా. పెట్టినచోటే కూర్చునుంది."

"దిగిపోయే ఉంటుందిరా నాయనా. ఎక్కించండి."

ఇంకేముంది, నిచ్చెన వేసి బ్యాటరీని మోసుకెళ్ళి గెలల మీదకి ఎక్కించారు. ఈ ఎత్తు చాలుతుందా అని తాతబ్బాయి షెడ్డు కప్పు వంక కూడా చూశాడు.

కోటిలింగం ఏడుపుమొహంతో దాన్ని దించుకుని, చోట్లో బిగించి, షెడ్డుకి రిపేరుకొచ్చిన ఇంకో లారీ బ్యాటరీ నుంచి వైర్లు తగిలించి తనే స్టార్టు చేసుకున్నాడు. ఇంజను గర్జించింది. తమ వైద్యం పనిచేసిందని తాతబ్బాయికి కళ్ళు చెమర్చాయి.

ఇక హైవే మీదకి తిప్పుకోవడానికి బండి వెనక్కి తియ్యాలి. వెనక నిలబడి రానీ, రానీ అంటూ ఉండమన్నాడు కోటిలింగం. తాతబ్బాయి గొంతు సవరించుకున్నాడు. రానీ అన్నాడు. లారీ షెడ్డు గోడ దాకా వచ్చింది, రానీ అన్నాడు. పక్కకి తప్పుకుని రానీ అన్నాడు. గోడ కూలింది. దుమ్ములోంచి కూడా రానీ అనే వినబడింది. కోటిలింగం గేరు మార్చి హైవే ఎక్కేశాడు. గెలలు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

సంగతి విన్న మేస్త్రీ నీరసంగా, షెడ్డుకి తాళం వేసేసి, తాళంచెవి లోపల మేకుకి తగిలించమన్నాడు. ఇంటి లోపల అని చెప్పడం మరిచిపోయాడు.

అన్నదమ్ములు తలుపుకి తాళం వేశారు. లాగి చూసుకున్నారు. కూలిన గోడ మీదుగా లోపలికెళ్ళి, తాళంచెవి మేకుకి తగిలించి, మళ్ళీ ఆ గోడ మీదుగానే బయటికొచ్చారు.

తాతబ్బాయి చేతులు దులుపుకుని అన్నాడు:

"గోడ పడబట్టి సరిపోయింది తమ్ముడూ. లేకపోతే తాళం వేసిన షెడ్లోకి ఎలా వెళ్ళేవాళ్ళం?"