విస్తట్లో చోటు

సింహాచలం తొట్టి మూడో రోజుకి మొరాయించింది.

తొట్టి అంటే గేదెలు నీళ్లు తాగేది కాదు. విశాఖపట్నంలో ఒక పరిశోధనశాల వెనక గదిలో ఉన్న అరవై లీటర్ల స్టీలు పాత్ర. దాన్నిండా వేడి నీళ్లు, ఆ నీళ్లలో పొడి కొట్టిన కూల్‌డ్రింకు సీసాలు, ఆ పొడిని తినడానికి ఒక ఎంజైము. మన కడుపులో అన్నాన్ని అరిగించే సరుకులాంటిదే అదీను. కాకపోతే దీనికి అన్నం సయించదు, ప్లాస్టిక్కే కావాలి. అది కొరికి వదిలినదాంతో మళ్లీ కొత్త ప్లాస్టిక్ చేసుకోవచ్చు. భూమిలోంచి కొత్తగా చమురు తోడక్కర్లేదు. వామనరావు మాస్టారూ ఆయన శిష్యులూ ఆరేళ్లుగా కంటున్న కల ఇది.

ఆ ఎంజైమును పట్టుకొచ్చింది ఆ శిష్యుల్లో ఒకరైన తాహిరా. ముక్కుకి గుడ్డ కట్టుకుని మూడేళ్లు చెత్తకుప్పల కింద మట్టి తవ్విందామె. చిన్న గాజు కుప్పెలో చిటికెడు ప్లాస్టిక్ వేస్తే ఒక్క పూటలో మాయం చేసేది ఆమె ఎంజైము. అదే పని పెద్ద పాత్రలో చేయించి చూపించడం ఇంకో శిష్యుడు సింహాచలం వంతు. చిటికెడుతో ఏం బాగుంటుందని, పథకానికి డబ్బిచ్చే కమిటీవాళ్ల కళ్లు చెదరాలని, అతను ఏకంగా బస్తా గుమ్మరించాడు.

మొదటి రోజు ఎంజైము ఆవురావురుమని తింది. రెండో రోజు నంజుకుంది. మూడో రోజు మూతి బిగించుకుంది.

తప్పెక్కడుందో వెతకడంలో సింహాచలం మహా శాస్త్రీయంగా ఉండేవాడు. ముందు కరెంటును అనుమానించాడు. తరవాత పాత్ర చేసినవాణ్ణి, సీసాలు అమ్మిన పాతసామాన్లవాణ్ణి, ఆ సీసాల్లో కూల్‌డ్రింకు తాగినవాళ్లని. ఎంజైము మళ్లీ పోశాడు. చలనం లేదు. నాలుగింతలు పోశాడు. అయినా లేదు. తను కలిపిన నీళ్లను మాత్రం అనుమానించలేదు. నీళ్ల డబ్బా మీద 'సరిచూడబడినది' అని రాసి ఉంది మరి. ఆ దస్తూరీ అతనిదే.

శుక్రవారం సాయంత్రానికి నివేదిక రాసేశాడు. "ఈ ఎంజైముకు ఎక్కువకాలం తినే శక్తి లేదు. పథకం నుంచి తొలగించవచ్చు." రెండే వాక్యాలు. అంత తేలిగ్గా తెలుగు రాయడం తనకు వచ్చని అతనికే తెలీదు.

శనివారం పొద్దున్న తాహిరా అది చదివింది.

"సోమవారం కమిటీ ముందు ఇదే చదువుతావా?"

"ఉన్నమాటే కదా."

"మూడేళ్లు, సింహం," అంది తాహిరా. "ఆ కంపు ఇంకా నా దుపట్టాల్ని వదల్లేదు. రెండు ముక్కల్లో తీసి పారేశావు."

 శాస్త్రంలో మొహమాటాలుండకూడదు అనుకున్నాడు సింహాచలం. ఎదుటివాడి పని విషయంలో అతను ఈ నియమం బాగా పాటించేవాడు.

కాగితం తీసుకుని మాస్టారి దగ్గరికి వెళ్లాడు. ఆయన నడుముకి తువ్వాలు చుట్టుకుని పులుసు కలుపుతున్నారు. శనివారం శనివారం పరిశోధనశాల ముందుగదిలోనే శిష్యులకి ఆయనే వండి, ఆయనే వడ్డిస్తారు. ప్లాస్టిక్ కంచాలు గుమ్మం దాటి రాకూడదు. మన్యం నుంచి తెప్పించిన అడ్డాకుల విస్తళ్లే వాడాలి.

"మాస్టారూ, చిన్న సంతకం."

ఆయన చేతులు తుడుచుకుని చదివారు. మొహంలో ఏమీ కనిపించలేదు.

"తిన్నాక పెడతాన్లే. కూచో నాన్నా."

సింహాచలం కూర్చున్నాడు. పక్కన తాహిరా కూర్చుంది, అతని వైపు చూడకుండా.

పనసపొట్టు కూర వచ్చింది. ములక్కాడల పులుసు వచ్చింది. మూడు రోజులుగా సరిగ్గా తిండి లేదేమో, సింహాచలం తలెత్తలేదు. నమిలిన ములక్కాడ పిప్పి ఓ పక్కన పెట్టాడు. మాస్టారు మళ్లీ ములక్కాడలు వేశారు. మళ్లీ పిప్పి. కరివేపాకు, ఎండుమిరప తొడిమలు, చింతపండు పీచు. తాహిరా విస్తరి దగ్గరికొచ్చినప్పుడు మాస్టారు పిప్పంతా ఒక గిన్నెలోకి తీసేసి వడ్డించారు. సింహాచలం దగ్గరికొచ్చేసరికి ఆ గిన్నె ఎందుకో ఆయన చేతిలో ఉండలేదు.

అన్నం మారు వడ్డించారు, పిప్పి పక్కనే. పులుసు పోశారు, పిప్పిని తడుపుతూ. సింహాచలం పిప్పిని వేళ్లతో అటూ ఇటూ నెట్టుకుంటూ తిన్నాడు. ఆఖరికి మాస్టారు పరమాన్నం తెచ్చారు. గరిటె నిండా తీసి పిప్పి కుప్ప మీదకి వంచబోయారు.

"వద్దు మాస్టారూ!" సింహాచలం రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ఏటయింది? కడుపు నిండిందా?"

"లేదండి."

"పరమాన్నం ఇష్టం లేదా?"

"అయ్యో, దానికోసమే కదండీ చూస్తున్నాను!"

"మరి తినవేం?" మాస్టారు తాహిరా వైపు తిరిగారు. "ఈ కుర్రాడికి ఎక్కువసేపు తినే శక్తి లేదమ్మా. రాసి సంతకం పెట్టేద్దామా?"

"శక్తి లేకపోవడం ఏంటండీ! ఆకలి దంచేస్తోంది. విస్తట్లో చోటేదీ..."

మాట అక్కడే ఆగిపోయింది.

మాస్టారు గరిటె అలాగే పట్టుకుని నిలబడ్డారు. సింహాచలం విస్తరి వైపు చూశాడు. పిప్పి వైపు చూశాడు. తరవాత తలుపు సందులోంచి వెనకగదిలో మెరుస్తున్న స్టీలు పాత్ర వైపు చూశాడు. అంతే, ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా పరుగెత్తాడు. మళ్లీ వెనక్కొచ్చి కడుక్కుని మళ్లీ పరుగెత్తాడు.

పాత్రలో నీళ్లు ఒక చుక్క తీసి, పులుపు కొలిచే కాగితం మీద వేశాడు. కాగితం ఎర్రబడింది.

ప్లాస్టిక్ అరిగితే మిగిలేది ఆమ్లం. ఆ సంగతి అతను చదివాడు, పరీక్షలో రాశాడు, మార్కులు కూడా తెచ్చుకున్నాడు. చిటికెడు ప్లాస్టిక్ వేసినప్పుడు ఆ కాస్త పులుపునీ చుట్టూ ఉన్న నీళ్లు సర్దుకునేవి. వేసింది బస్తా. తిన్నకొద్దీ తన పులుపే తన చుట్టూ పేరుకుని, ఎంజైము అందులోనే కూర్చుంది. అతనేమో అదే విస్తరి ముందుకి ఇంకా ఇంకా ఎంజైమును తెచ్చి కూర్చోబెడుతూనే ఉన్నాడు.

"తాహిరా!" అని కేకేశాడు. ఆమె అప్పటికే వెనకాలే నిలబడి ఉంది, పులుపు విరిచే క్షారం సీసా పట్టుకుని.

అడుగున కుళాయి తిప్పి పుల్లబడ్డ నీళ్లు సగం దించారు. దించినవాటిని పారబొయ్యలేదు. కొత్త ప్లాస్టిక్‌కి సరుకు అందులోనే ఉంది. తాజా నీళ్లు పోశారు. క్షారం చుక్క చుక్కగా వదులుతూ, చుక్కకోసారి కాగితం చూసుకుంటూ కూర్చున్నారు. సింహాచలం అంతకుముందు కంగారులో కుమ్మరించిన ఎంజైము ఇంకా బోలెడుంది. అతని జీవితంలో దండగ పని పనికొచ్చింది అదొక్కసారే.

ఆదివారం మధ్యాహ్నానికి పాత్రలో పొడి పల్చబడింది. సాయంత్రానికి వెతుక్కోవలసి వచ్చింది.

సోమవారం పొద్దున్న తాహిరా కొత్త నివేదిక చదివింది. "ఎంజైములో లోపం లేదు. లోపం వడ్డనలో ఉన్నది. వడ్డించినది: సింహాచలం."

"కమిటీవాళ్లకి ఇది అర్థమవుతుందా సింహం?"

"భోజనం పెట్టి చెబుదాం."

తాహిరా నవ్వాపుకుంటూ కింద తన పేరు కూడా రాసింది.

అప్పుడే మాస్టారు సీసాల పొడి బస్తా ఒకటి ఈడ్చుకుంటూ లోపలికొచ్చారు. పాత్రలోకి తొంగి చూశారు.

"ఏమంటోంది?"

"మారు అడుగుతోందండి."

"అయితే వడ్డించు."

సింహాచలం బస్తా మూతి విప్పాడు. రెండు చేతులా ఎత్తాడు. ఎత్తినవాడల్లా ఆగి, బస్తా నెమ్మదిగా కింద పెట్టి, ముందు పుల్లనీళ్లు దించడానికి పాత్ర అడుగున కుళాయి దగ్గర కూర్చున్నాడు.

మాస్టారు సంతకానికి జేబులోంచి కలం తీశారు.