గుబురమ్మ వీపు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు పక్కన ఒక గుహ. ఆ గుహలో గుబురమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. దాని వీపు మీద జుట్టు ఎంత ఒత్తంటే, అందులో దూరిన కందిరీగకు బయటికి దారి దొరికేది కాదట. నేను కాస్త పెంచి చెబుతున్నాను గానీ, మరీ అబద్ధం కాదు.

ఎలుగుబంటి పిల్లలు ఎలా తిరుగుతాయో తెలుసా? అమ్మ వీపెక్కి, జుట్టు గట్టిగా పట్టుకుని ఊరేగుతాయి. గుబురమ్మ పిల్ల బుంగి కూడా అంతే. పులి ఎదురైనా, వాగు అడ్డమొచ్చినా దానికి అమ్మ జుట్టే ఆధారం.

ఒక ఏడు గుబురమ్మకు కొండచరియన పెద్ద పెద్ద తేనెపట్లు దొరికాయి. ఇంకేం, దర్జా పెరిగిపోయింది.

"పుట్టలు తవ్వి మూతికి మట్టి పూసుకునే ఖర్మ నాకేంటి? ఇక మనం తేనె తప్ప ఇంకేదీ ముట్టం," అంది.

చెదలు మానేసింది. పళ్ళూ మానేసింది. పొద్దున తేనె, మధ్యాహ్నం తేనె, సాయంత్రం తేనె. కొన్నాళ్ళకు జుట్టు రాలడం మొదలైంది. ఎక్కడ పడుకుంటే అక్కడ కుప్ప.

కొండముచ్చు చెట్టు మీంచి చూసి, "అక్కా, గుంటగలగరాకు పసరు రాయి," అంది. రాసింది. వీపు నల్లబడింది గానీ జుట్టు రాలడం ఆగలేదు.

"అయితే మందారాకు జిగురు పట్టించు," అంది. పట్టించింది. ఈగలు ముసిరాయి.

"ఇక మిగిలింది ఇప్పనూనే," అంది. గుబురమ్మ జిడ్డోడేలా నూనె రాసుకుని, బుంగిని ఎక్కించుకుని వాగులో దిగింది.

నడి వాగులో బుంగి జర్రున జారింది. గుబురమ్మ గబుక్కున దాని మెడ కరిచి పట్టి ఒడ్డుకు లాక్కొచ్చింది. పిల్ల పిడికిలి విప్పింది. అందులో గుప్పెడు జుట్టు ఉంది.

"అమ్మా, నేను గట్టిగానే పట్టుకున్నాను," అంది బుంగి.

ఆ మాటకు గుబురమ్మ గుండె తరుక్కుపోయింది. వానలు పడగానే గుహ మునిగిపోతుంది. అవతలి కొండ మీద తిండి మొలిచేది కూడా అప్పుడే. అంటే పొంగే వాగునే దాటాలి. ఈ వీపుతో ఎలా?

పక్కనే పుట్ట దగ్గర చెదలు తింటున్న ముసలి అలుగు ఇదంతా చూసింది. దాని ఒంటి నిండా పొలుసులే.

"గుబురమ్మా, పైపైన ఎన్ని రాస్తే ఏం లాభం? కడుపులోకి సరైన తిండి పంపు," అంది.

"ఒంటి మీద చెప్పుకోదగ్గ వెంట్రుక లేదు, నువ్వా తాతా నాకు చెప్పేది?" అంది గుబురమ్మ.

అలుగు నవ్వింది. "నా పొలుసుల్లో పులి పన్ను కూడా దిగదమ్మా. ఇవీ నీ వెంట్రుకల్లాగే లోపలి నుంచి మొలిచినవే. చెదలు తిను. నేరేడు పళ్ళు తిను, మేడిపళ్ళు తిను. తేనె ఆఖర్న కాస్త నాకితే చాలు."

గుబురమ్మ దర్జా పక్కన పెట్టి పుట్టలో మూతి పెట్టింది. మొదటి నెల ఏమీ కనబడలేదు. రెండో నెల నూగు మొలిచింది. మూడో నెలకు వానలూ వచ్చాయి, జుట్టూ వచ్చింది. "ఏం రాశావక్కా?" అని కొండముచ్చు అడిగితే, "రాయలేదు, తిన్నాను," అంది గుబురమ్మ మట్టి మూతి పైకెత్తి.

వాగు పొంగింది. బుంగి వీపెక్కడానికి జంకింది.

"ఎక్కు తల్లీ. ఇది నేను తవ్వి తిని పెంచుకున్న జుట్టు," అంది గుబురమ్మ.

నీళ్ళు మెడ దాకా వచ్చాయి. ఒక దుంగ వచ్చి తగిలింది. బుంగి కళ్ళు మూసుకుని వేలాడింది. అవతలి గట్టెక్కాక నెమ్మదిగా పిడికిలి విప్పి చూసుకుంది.

"అమ్మా, ఒక్క వెంట్రుక కూడా ఊడలేదు," అంది.

గుబురమ్మ ఛాతీ పొంగిపోయింది. ఆ రోజు అది అడవిలో తల దించుకుని నడవనేలేదు.

నీతి: పైపూతలు ఎన్ని పూసినా, జుట్టుకు బలమిచ్చేది రోజూ ఓపిగ్గా తినే రకరకాల మంచి తిండే.