శ్రావణంలో చెమ్మగిల్లే గోడ

భ్రమరాంబ గారిని ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు దొరికేది కాదు, పని దొరికేది. బెజవాడ కొండవాలులో కాపురముండి, వయసు మీద పడి ఇక మెట్లెక్కలేనివాళ్ళ ఇళ్ళు అమ్మించి, కింద నేలమీద వాళ్ళకో ఇల్లు చూసి, గిన్నెలూ మంచాలూ సర్ది దిగబెట్టి రావడం ఆవిడ వృత్తి. ఆ పని నేర్చుకుందామని చేరిన కల్పలతకు రెండు నెలలకే గురువుకన్నా తనకే ఎక్కువ తెలుసన్న నమ్మకం కుదిరింది. నేర్చుకునేవాళ్ళకు రెండో నెలలో వచ్చే జబ్బే అది.

ఆ గురువారం పొద్దున ఒళ్ళుమండి అడిగింది. “పెద్దమ్మా, అమ్మిపెట్టమని మన ప్రాణం తీసేదీ వీళ్ళే, కొనడానికొచ్చినవాళ్ళను తరిమేదీ వీళ్ళే. అసలీ కాంతామణి గారికి ఇల్లు అమ్మాలని ఉందా, లేదా?”

“పద, ఎక్కుదాం,” అన్నారు భ్రమరాంబ గారు.

ఎక్కాల్సినవి నూట పన్నెండు మెట్లు. పైన కాంతామణి గారూ ఆవిడ భర్త సోమలింగం గారూ నలభై ఏళ్ళుగా ఉంటున్నారు. ఆయన రైల్వే లోకోషెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు గుండె సరిగా లేదు, గుమ్మందాకా నడిస్తేనే ఆయాసం. నెల కిందట ఆసుపత్రికని నలుగురు కుర్చీలో మోసుకు దిగుతుంటే మలుపు దగ్గర ఒకతని కాలు జారింది, కుర్చీ సగం ఒరిగింది. ఆనాటినుంచీ ఆయనది ఒకటే మాట: దిగితే ఒక్కసారే, మళ్ళీ ఎక్కే పని లేకుండా. ఆసుపత్రి పక్క వీధిలో రెండు గదుల ఇల్లు కుదిరింది. ఇది అమ్ముడైతేనే అది చేతికొస్తుంది. ఆ ఇంటాయన శనివారం దాకానే ఆగుతానన్నాడు. పైగా వానలు మొదలైతే పాచిపట్టిన ఆ మెట్లమీద కుర్చీ పట్టేవాడుండడు.

ఇంత తొందరలో ముగ్గురొచ్చి చూసి వెళ్ళారు. కాంతామణి గారు ప్రతివాళ్ళకూ ఇంటి లోపాలు పూసగుచ్చినట్టు చెప్పారు. మొదటాయన, “ఇన్ని బాధలుంటే ఇన్నాళ్ళెలా ఉన్నారండీ?” అని నవ్వి వెళ్ళాడు. రెండో ఆవిడ సగం విని ఫోనెత్తింది. మూడో ఆయన గోడను వేలితో తట్టి, “చెప్పకండి, ఎటూ పడగొట్టేదేగా,” అన్నాడు. అతను కొనేవాడే. అతనికి ఆవిడ వీధి తలుపు చూపించింది.

“ఈసారి ఆవిణ్ణి కొత్తింటి అలమరలు చూద్దురుగాని రండని కిందికి తీసుకుపోతాను. మీరు ఈలోగా ఇవాళ వచ్చేవాళ్ళకు ఇల్లు చూపించెయ్యండి,” అంది కల్పలత రొప్పుతూ.

“నువ్వు నోరు మూసుకుని నిలబడు. ఇవాళ నీ పని అదే.”

నాలుగో మనిషిగా వచ్చింది ఎస్తేరు. ఆసుపత్రిలో ఆయా. మెట్లెక్కి చెమటతో తడిసిపోయి గుమ్మంలో నిలబడింది. కాంతామణి గారు మంచినీళ్ళయినా ఇవ్వకుండానే మొదలెట్టారు. “నీళ్ళు తెల్లవారుజామున ఐదింటికొస్తాయి, నలభై నిమిషాలు. నిద్రపోయావా, ఆ రోజుకింతే. గ్యాసువాడు బండను మలుపు దాటి పైకి తేడు, ఎంత బతిమాలినా. వెనక కిటికీ తీశావంటే కోతి చెయ్యి పెడుతుంది. ఎండాకాలం ఈ రాయి రాత్రంతా సెగ కక్కుతుంది. వానొస్తే వంటింటి గోడ చెమ్మగిల్లుతుంది.”

లోపలి గదిలోంచి సోమలింగం గారి ఊపిరి ఈల వేసినట్టు వినబడుతోంది. ఇంకో మాటకు ఈవిడా వెళ్ళిపోతుంది, ఆయన ఈ కొండమీదే పోతాడు, అనుకుంది కల్పలత. గోడకు సిమెంటు పూయించి ఇస్తామని చెప్పబోయింది. భ్రమరాంబ గారి గోళ్ళు ఆమె మణికట్టులో దిగాయి.

ఎస్తేరు గోడవైపు చాలాసేపు చూసింది. “ఏ నెలలో మొదలవుద్దండీ చెమ్మ?”

కాంతామణి గారు ఆగిపోయారు. “శ్రావణంలో.”

“అప్పుడేం చేస్తారు మరి?”

ఆవిడ కొంగు దోపుకుని పెరటి తలుపు తీసింది. ఇంటి వెనక, కొండరాయిని ఉలితో తొలిచిన జానెడు కాలవ ఉంది. పైనుంచి దిగే వాననీరు గోడకు తగలకుండా పక్కకు పోవడానికి సోమలింగం గారు కుర్రతనంలో మూడు వేసవులు కూర్చుని తొలిచింది. ఆరుసార్లు ఈ ఇంటికొచ్చిన కల్పలత దాన్ని చూడటం అదే మొదలు.

“ఎండుటాకులు పడితే నీళ్ళు గోడకెక్కుతాయి. వానకు ముందే తియ్యాలి.”

“చీపురుందా అమ్మగారూ?”

“చీపురు దూరదు. చెయ్యి పెట్టాలి. తేళ్ళుంటాయి మరి.”

ఎస్తేరు గాజులు మోచేతిమీదికి తోసుకుని, గొంతుక్కూర్చుని, కాలవలో చెయ్యి పెట్టింది. పిడికెడు ఆకులు తీసి పక్కన పోసింది. మళ్ళీ పెట్టింది.

కాంతామణి గారు ఆ చేతినే చూస్తూ లోపలికి కేకేశారు. “ఏమండీ, చొక్కా వేసుకోండి.”

“ఇవాళ గురువారమేగా! శనివారం దాకా చొక్కా తొడుక్కుని కూర్చోనా?” అన్నాడాయన ఆయాసపడుతూనే.

శనివారం ఉక్కపోతలో ఆయన్ని దించారు. నాలుగు మెట్లు ముందు కాంతామణి గారు దిగుతూ, కుర్చీ పట్టినవాళ్ళను అడుగడుక్కీ తిట్టారు. మలుపు దగ్గర తిట్టడం మానేసి, తానే వెనక్కి తిరిగి కుర్చీ కాలు పట్టుకున్నారు. ఎవరి కాలూ జారలేదు.

ఆయన్ని ఆటో ఎక్కించాక కల్పలత ఉండబట్టలేక అంది. “చూశారా పెద్దమ్మా, ఎంత గడుసుదో! లోపాలన్నీ ఊరందరికీ చెప్పింది గానీ, ఆ కాలవుందని మనతో ఒక్క ముక్క చెప్పలేదు.”

భ్రమరాంబ గారు మంచం కోళ్ళు కట్టిన తాడు బిగిస్తూ, తల ఎత్తకుండానే అన్నారు. “ఆరుసార్లు ఎక్కావు. ఏ నెలలో అని ఒక్కసారైనా అడిగావుటే?”