డేగయ్య గొంతు మారిందట

ఏటిగట్టు మీద ఒక జీడితోట. అందులో పశువుల పాక, చుట్టూ ముళ్లకంచె. ఆ పాకలో డేగయ్య అనే ఎర్రపుంజు ఉండేవాడు. ఆ రోజుల్లో డేగయ్య కూత వినాలి. తెల్లారుతూనే పాక కప్పెక్కి, మెడ సాచి మూడు కూతలు కూసేవాడు. మూడోది ఏరు దాటి అవతలి ఊళ్లో వినబడేది. పక్క తోటల కోళ్లు పనిగట్టుకుని వచ్చి కంచె దగ్గర నిలబడేవి. అలాంటి పొద్దులు ఇప్పుడు లేవు. తలుచుకుంటే నాకే బెంగగా ఉంటుంది.

ఒక వానాకాలం డేగయ్యకి జబ్బు చేసింది. నెల రోజులు గంప కిందే ఉన్నాడు. లేచి వచ్చేసరికి పాత ఈకలు రాలి కొత్తవి మొలిచాయి. రంగు వెలిసింది, గొంతు బొంగురుపోయింది. మూడు కూతలు రెండయ్యాయి.

కంచె అవతల ఒక నక్క ఉండేది. కాపలాకుక్క కర్రోడు దాన్ని ఏమీ అనేవాడు కాదు. వరదొచ్చిన ఏడు ఇద్దరూ ఒకే గడ్డివాము మీద మూడు రోజులు బతికారు. కంచె దాకా వస్తే తరమనని అప్పుడు మాటిచ్చాడు. నక్కకి అడ్డల్లా డేగయ్యే. అది కంచె సందులో మూతి పెడితే చాలు, కేకేసి కోళ్లని పాకలోకి తరిమేసేవాడు. ఆ కేకని కోళ్లు నమ్మకపోతే ఎలా ఉంటుందా అని నక్క ఆలోచించింది.

“చుక్కమ్మక్కా,” అంది చుక్కల పెట్టతో, “మీ డేగయ్య గంప కిందే పోయాడు. మీరు దిగులుతో గుడ్లు మానేస్తారని, మీ యజమానురాలు సంతలో అచ్చం అలాంటి పుంజునే తెచ్చి పెట్టింది.”

“చాల్లే తమ్ముడూ.”

“నీ కళ్లతో చూసుకో. డేగయ్య జుట్టు కుడికి వాలేది. వీడిది ఎడమకి. డేగయ్య మూడు కూసేవాడు, వీడు రెండు. మూడోది వీడికి రాదు మరి.”

చుక్కమ్మ చూసింది. జుట్టు ఎడమకే ఉంది. మునుపు ఎటుండేదో ఇన్నాళ్లూ గుర్తులేదు గానీ, ఇప్పుడు కుడికేనని గట్టిగా గుర్తొచ్చింది.

పొద్దుగూకేలోగా అన్ని కోళ్లకీ గుర్తొచ్చింది. “నేనేనర్రా డేగయ్యని,” అన్నాడతను. “బాగానే తర్ఫీదిచ్చారు,” అన్నాయి కోళ్లు. పాపం, ఆ రాత్రి డేగయ్య గింజ ముట్టలేదు.

మర్నాడు కోళ్లు కంచె పక్కన పురుగులు ఏరుకుంటున్నాయి. నక్క సందులోంచి ముందరి కాలు లోపలికి పెట్టింది. డేగయ్య కేకేశాడు. ఒక్క కోడీ తలెత్తలేదు. ఇంకో జానెడు జరిగితే చుక్కమ్మ మెడ దొరికేదే.

పాకలో కట్టేసి ఉన్న ముసలి గేదె అచ్చమ్మ ఇది చూసింది.

“కర్రోడా, నువ్వు మాటిచ్చింది ఈ నక్కకేనా?”

“ఇంకెవరికి అత్తా?”

“ఏమోరా. ఆ నక్క తోక గుబురుగా ఉండేది. దీని తోకకి వెంట్రుకల్లేవు. అది ఊళేస్తే ఊరంతా వినబడేది. ఇది ఊళేస్తే దగ్గొస్తోంది. పాతది ఎప్పుడో పోయుంటుంది.”

కర్రోడు లేచి నిలబడ్డాడు.

“అయ్యో మావా, నేనే,” అంది నక్క. “వరదలో నీ పక్కన వణికింది నేనే.”

“బాగానే తర్ఫీదిచ్చారు,” అన్నాడు కర్రోడు.

“ఏళ్లు గడవలేదా మావా? తోక ఊడదా, గొంతు పోదా? ఒళ్లు మారితే నేను కాకుండా పోతానా?”

కోళ్లు పురుగుల్ని వదిలేసి తలలెత్తాయి. చుక్కమ్మ నక్కని చూసింది, కప్పు మీద డేగయ్యని చూసింది, కంచె లోపలున్న కాలునీ చూసింది. పాక వైపు పరుగెత్తింది. మిగతావి వెనకే పరుగెత్తాయి.

“నువ్వు వాడివి కాకపోతే నీకూ నాకూ మాటే లేదు,” అన్నాడు కర్రోడు. “వాడివే అయితే కంచె దాకా అన్న మాట నువ్వే తప్పావు.” అని ఆ కాలు కరిచి పట్టుకున్నాడు. నక్క కుంటుకుంటూ ఏరు దాటింది, మళ్లీ ఆ గట్టున కనబడలేదు.

తెల్లారి డేగయ్య రెండు కూతలు కూశాడు. కోళ్లన్నీ కప్పు కింద చేరి విన్నాయి.

“అత్తా, ఆ మూడో కూత ఇంక లేనట్టేనా?” అంది చుక్కమ్మ అచ్చమ్మతో.

“లేదే తల్లీ. అది మొదట విన్నప్పుడు నువ్వు మీ అమ్మ రెక్క కింద ఉండేదానివి, నాకు తొలిచూలు దూడ ఉండేది. ఆ పొద్దులు నాకూ కావాలి. ఎక్కణ్ణించి తెస్తాం?”

నీతి: పాత పాట మీద బెంగపడొచ్చు గానీ, ఆ బెంగతో ఎదుటున్న పాటగాణ్ణి కాదనకూడదు.