పన్నెండు గోరింకల పలుకు

నువ్వు చేసింది తప్పు. ముందు ఆ మాట చెప్పి, తర్వాతే కథ చెబుతాను. ఫోనులో పన్నెండు దొంగ పేర్లు పెట్టావు. నువ్వేం రాసినా వాటంతటవే "అద్భుతం అన్నా" అని బదులిచ్చేలా అమర్చుకున్నావు. వాటి వెనుక ఒక్క మనిషీ లేడు. మెచ్చుకునేదీ నువ్వే, మురిసిపోయేదీ నువ్వే. నవ్వకు. కూర్చుని విను.

ఎర్రకొండ కింది అడవిలో ఒక కట్టుబాటు ఉండేది. పొద్దు వాలేటప్పుడు ప్రతి జంతువూ తానున్న చోటి నుంచే "నేనున్నా" అని కేక వేయాలి. విన్నవాళ్లు "విన్నా" అని పలకాలి. ఆ జంతువుకు ఆపద వస్తే పలికినవాళ్లే పరుగెత్తాలి. పలికినవాళ్లు ఉండగా మిగిలినవాళ్లు తలదూర్చకూడదు. ఏ వేళ కేక వేసినా ఇదే పద్ధతి.

మిట్ట మీది దుప్పి కేక వేస్తే మందంతా పలికేది. నక్కకు పలికేది మాత్రం ఒక్క ముసలి ముళ్లపంది. కుందేళ్ల బొరియల దగ్గర నక్క చేసిన దొంగపనులు ఎవరూ మరచిపోలేదు మరి. ఆ ఒక్క పలుకూ చాలాసేపటికి, బొంగురు గొంతుతో వచ్చేది.

"ఇంత ఆలస్యమేమిటి అత్తా?" అని ఒకనాడు నక్క నిలదీసింది.

"నిద్ర లేవాలి, ముళ్లు దులుపుకోవాలి. పలికానా, లేదా?"

"పలికావులే. ఆ గొంతు విని కుందేళ్లు నవ్వుతున్నాయి. దుప్పికి చూడు, ఎంతమందో."

"నీకు కావలసింది తోడా, చప్పుడా అల్లుడూ?"

నక్క మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. మర్నాడు ఎండిన చెట్ల తొర్రల్లోంచి పన్నెండు గోరింక పిల్లలను తెచ్చుకుంది. మేడిపండ్లు పెట్టి పెంచింది. "విన్నా" అనే ఒక్క మాట నేర్పింది. ఒకదానికి దుప్పి గొంతు, ఒకదానికి నెమలి గొంతు, ఇంకొకదానికి కోతి గొంతు. అన్నీ ఒక్కసారే పలికితే దొరికిపోతానని, ఒకటి వెంటనే, ఒకటి కాస్త ఆగి పలికేలా అలవాటు చేసి, చెట్టుకొకటి చొప్పున కూర్చోబెట్టింది. అవి నక్క ఏమంటోందో వినవు. ఆ గొంతు చెవిన పడితే చాలు, పలుకుతాయి.

అవి పలకడం నేర్చాక ఒక సాయంత్రం నక్క కేక వేసింది. పన్నెండు వైపుల నుంచి "విన్నా" అని వచ్చింది. అడవి చెవులు రిక్కించింది.

"నక్క బావకు ఇంతమంది ఎప్పుడయ్యారే?" అంది కుందేలు. మర్నాటి నుంచి నీళ్ల దగ్గర నక్కకు అందరూ దారి ఇచ్చారు.

ముళ్లపంది పలకబోతే నక్కే వెళ్లి ఆపింది. "నీకు శ్రమ ఎందుకు అత్తా? నాకు పన్నెండుమంది ఉన్నారు."

"సరే. చల్లగా ఉండు," అని ముళ్లపంది తిరిగి చూడకుండా వాగు అవతలికి వెళ్లిపోయింది.

వాన పట్టిన ఒకరోజు నక్కకు ఎందుకో దిగులేసింది. చెట్టు కింద కూర్చుని, "ఇవాళంతా నాతో ఎవరూ మాట్లాడలేదర్రా," అంది.

"విన్నా."

"ఒంట్లో బాగోలేదు."

"విన్నా. విన్నా."

"మీకు నేనెవరో తెలుసా?"

"విన్నా."

నక్క తోక ముడుచుకుని పడుకుంది. అప్పుడైనా వాగు దాటి వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు.

ఎండాకాలంలో పండ్లు దగ్గర్లో దొరకలేదు. పన్నెండు నోళ్లు నింపడానికి నక్క కొండ వెనక్కి పోయింది. అడవిపందుల కోసం వేటగాళ్లు తవ్వి ఆకులు కప్పిన గోతిలో పడింది. కాలు బెణికింది. గోడలు నున్నగా ఉన్నాయి.

"నేనున్నా! గోతిలో ఉన్నా, రండి!"

కొండకు ఇవతల గోరింకలు ఆ గొంతు పట్టేశాయి. "విన్నా, విన్నా" అని అడవంతా మోగించాయి. ఆ సందడిలో అసలు మాట ఎవరికీ వినపడలేదు.

నీళ్లకు పోతున్న దుప్పి ఆగింది. "ఏదో తేడాగా అరుస్తున్నాడు. వెళ్దామా?"

"పన్నెండుమంది పలికారు కదన్నా," అంది కుందేలు. "వాళ్లుండగా మనం వెళితే బాగుండదు."

గోతిలోని నక్కకు ఎవరి అడుగుల చప్పుడూ వినపడలేదు. గట్టిగా అరిచింది. ఎంత గట్టిగా అరిస్తే గోరింకలు అంత గట్టిగా పలికాయి. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడోనాటికి గొంతు చీలి ఆగిపోయింది. గోరింకలూ ఆగిపోయాయి.

ఆ సాయంత్రం గోతి అంచున మట్టి రాలింది. ముళ్లపంది ఒక పక్క గోడను తవ్వుకుంటూ దిగుతోంది.

"రెండు రోజులూ నీ కేక విన్నాను. నీవాళ్లు ఉన్నారు కదా అని ఊరుకున్నాను. ఇవాళ కేక లేదు. అందుకే వచ్చాను," అంది.

నక్క ఏదో చెప్పాలని నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ముళ్లపంది తవ్విన దారినే కుంటుకుంటూ పైకి వచ్చింది.

నిన్ను వినని నోటితో వంద పలుకులు పలికించుకుంటే, వినే ఒక్క చెవినీ పోగొట్టుకుంటావు.

గోరింకలు పండ్లు అందక ఎప్పుడో ఎగిరిపోయాయి. ముళ్లపంది బతికినన్నాళ్లు రోజూ వాగు దాటి వచ్చి, నక్కను చూసి వెళ్లేది. అదీ పోయాక, పొద్దు వాలేటప్పుడు అందరూ కేక వేస్తుంటే నక్క కూడా మెడ ఎత్తి నోరు తెరిచేది. దాని గొంతు మళ్లీ రాలేదు.