రిబ్కా అని పిలిస్తే

వినండి, చెబుతాను. ఓడలకు తెరచాపలే దిక్కైన రోజుల్లో, సముద్రాల అవతల ఒక రాజ్యం ఉండేదట. రాజు కథోలికుడు. అతని రాజ్యంలో మూడిళ్లకు ఒక ఇల్లు మాత్రం ప్రొటెస్టెంట్లది. వాళ్లు పునీతులకు మొక్కరు, జపమాల తిప్పరు. బైబిలు చేతపట్టుకుని కీర్తనలు పాడుకుంటారు. అందుకే అందరూ వాళ్లను పుస్తకం ఇళ్లవాళ్లు అనేవారు.

ఆ రాజ్యంలో ఒక మంత్రసాని. పేరు పెరీన్. మన నోటికి పెరీనమ్మ. ఆమె కథోలికురాలే, జపమాల లేకుండా గడప దాటేది కాదు. కానీ పురుడంటే ఎవరిల్లని అడిగేది కాదు. పుట్టిన ప్రతి బిడ్డ పేరునూ చర్చి మెట్లెక్కి గట్టిగా పిలవడం అక్కడ మంత్రసాని పని. గుమాస్తా ఆ పేరు రాసుకునేవాడు.

పేరు వింటే ఇల్లు తెలిసిపోయేది. కథోలికులు పునీతుల పేర్లు పెట్టేవారు. పుస్తకం ఇళ్లవాళ్లు బైబిలు మొదటి భాగమైన పాత నిబంధనలోని పేర్లు పెట్టేవారు. దానియేలు, ఇస్సాకు, లేయా. ప్రాణం పోయినా వేరే పేరు పెట్టరు, అంత మొండివాళ్లు.

రాజుకు కన్ను కుట్టింది. మూడిళ్లకు ఒక ఇల్లు రేపు రెండిళ్లయితే? పాత నిబంధన పేరున్న చంటిబిడ్డలను తెచ్చి కన్యాస్త్రీల మఠాల్లో కథోలికులుగా పెంచమని ఆజ్ఞ వేశాడు.

మొదట దానియేలు అనే పసివాణ్ని తీసుకుపోయారు. వాడి తల్లి పెరీనమ్మ కాళ్ల దగ్గర కూలబడింది.

"నీ చేతుల్లో పడ్డ బిడ్డే కదమ్మా! నువ్వు నోరారా పిలిచావు, వాళ్లొచ్చి పట్టుకుపోయారు" అంది.

పెరీనమ్మకు ఆ రోజు ముద్ద దిగలేదు.

ఆ నెలలోనే ఆమె ఒక్కగానొక్క కూతురు ఆడపిల్లను కని కన్నుమూసింది. పెరీనమ్మ గుండెలవిసేలా ఏడ్చింది. ఏడ్చి, బిడ్డను ఎత్తుకుని చర్చి మెట్లెక్కింది. "రిబ్కా!" అని పిలిచింది.

గుమాస్తా కలం ఆగిపోయింది. "అది మన పేరు కాదే, పెరీనమ్మా!"

"దేవుడి పుస్తకంలో పేరే. రాసుకో. పేరు చూసి ఇల్లు కనిపెట్టే రోజులు పోవాలి."

బిడ్డను తీసుకుపోవడానికి రాజుగారి దళపతి వచ్చాడు. అతని బిడ్డలకూ ఆమే పురుడు పోసింది.

"పేరు మార్చు, వదిలేస్తాను" అన్నాడు.

"మార్చను."

"నీ కూతురి గుర్తుగా మిగిలింది ఇదొక్కటే. మార్చు."

"మార్చను."

మూడోసారి బతిమాలాడు. ఆమె బిడ్డ నుదుటిమీద సిలువ గుర్తు వేసి అతని చేతుల్లో పెట్టింది.

"నేను మారిస్తే ఇక మనవాళ్లలో ఏ తల్లీ ఇలాంటి పేరు పెట్టదు నాయనా" అంది. "పాలు గోరువెచ్చగా పట్టించమను."

కథోలిక ఆడవాళ్లు వాకిళ్లలో నిలబడి చూశారు. ఆ వారం వాళ్ల ఇళ్లలో ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. ముగ్గురికీ రిబ్కా అనే పెట్టారు. కోతలనాటికి ఆ ఊళ్లో పాత నిబంధన పేరు లేని కొత్త ఉయ్యాల లేదు. ఊరి నుంచి ఊరికి పాకింది. దళపతి గుమాస్తా రాతలు తిరగేసి తల పట్టుకున్నాడు. ఎవరిని తీసుకుపోవాలి? ఎవరిని వదలాలి? మన మతం బిడ్డలనే ఎత్తుకుపోతున్నారని చర్చి గురువులే రాజును నిలదీశారు. ఆజ్ఞ మూలపడింది.

మఠాల నుంచి పిల్లలు ఇళ్లకొచ్చారు. దానియేలు వచ్చాడు. రిబ్కా రాలేదు. మొదటి చలికాలంలోనే జ్వరమొచ్చి పోయిందట.

పెరీనమ్మ ముసలిదైంది. చివరికి మతి చెదిరింది. వీధుల వెంట నడుస్తూ "రిబ్కా! రిబ్కా!" అని పిలిచేది. ప్రతి వీధిలోనూ ఒక రిబ్కా ఉండనే ఉంది. ఆ పిల్ల ఆట ఆపి పరిగెత్తుకొచ్చి "ఇదిగో అమ్మమ్మా" అనేది. ముసలిదాని ముఖం విచ్చుకునేది. ఆమె పోయిన రోజున కూడా ఎవరింటి పిల్లో చేయి పట్టుకుని కూర్చుందట.

ఆ దేశంలో నేటికీ మూడిళ్లకు ఒక ఇల్లు పుస్తకం ఇల్లే. పేరు విని ఇల్లు చెప్పగలిగినవాడు లేడు. దారిన పోయే ముసలమ్మ ఎవరైనా "రిబ్కా" అని పిలిస్తే, దగ్గరున్న ఆడపిల్ల, తన పేరు ఏదైనా సరే, "ఇదిగో అమ్మమ్మా" అనాలి. అనకపోతే కన్నతల్లి ఊరుకోదు.