అవధానులవారి తెరచాటు పాఠం

తామ్రగిరిని ఏలే ఉదయభూపతికి ఒకనాడు పొద్దున్నే పళ్ళు తోముకుంటూండగా ఒక ఆలోచన వచ్చింది. రాజుగారికి ఆలోచన వస్తే మిగతావాళ్ళకు పని పడుతుంది.

"మా చారుమతి చదువుకుంటానని ఏడాదిగా పోరుతోంది. ఆమె ఈడు పిల్లలు అంతఃపురంలో ఇంకో నలుగురున్నారు. విద్యాపీఠంలో పన్నెండుమంది పండితులున్నారు. అంతఃపురం ఆచారానికి మధ్యలో ఒక తెర కడితే సరిపోదూ?"

కట్టారు. ఇటు పండితుడు, అటు పిల్లలు. నెల తిరిగాక రాజు కూతుర్ని పిలిచి ఏం నేర్చుకున్నావమ్మా అని అడిగాడు.

"కేశవావధానులుగారు గడియకు ఏడుసార్లు దగ్గుతారు నాన్నగారూ. మిగతావాళ్ళు అంతకన్నా తక్కువ."

ఆ పిల్ల వెటకారానికి అనలేదు. చెబుతూంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కేశవావధానులు విద్యాపీఠానికి పెద్ద. తొమ్మిది ఆస్థానాల్లో గెలిచి శాలువాలు కప్పించుకున్నవాడు. రాజు సభలో నిలదీస్తే ఆయన తొణకలేదు.

"శిష్యుడి మొహం చూస్తూ చెప్పేదే చదువు ప్రభూ. తెరచాటున అది సాగదు. ఆ బడి ఎత్తేయించండి."

"తెర అవతలివాళ్ళను కదలకుండా కూర్చోబెట్టగలిగినవాళ్ళు మన సభలో ఎవరూ లేరా?" అన్నాడు రాజు.

అందరూ ఒక మూలకు చూశారు. అక్కడ వీరోజి కూర్చుని ఉన్నాడు. ఆస్థానంలో తోలుబొమ్మలు ఆడించేవాడు. నలభై ఏళ్ళుగా తెర వెనక కూర్చుని జనాన్ని నవ్వించాడు, ఏడిపించాడు. ఇంతమంది పండితుల ముందు మాత్రం ఎన్నడూ నోరు విప్పనివాడు మెల్లగా లేచాడు.

"పాఠం నాకు రాదు ప్రభూ. తెర వచ్చు. వీరికి పాఠం వచ్చు. పది రోజులిస్తే రెండూ కలిపి చూస్తాను."

మర్నాడు పదకొండుమంది పండితులు వచ్చారు. వీరోజి వాళ్ళకేమీ చెప్పలేదు. పిల్లలు కూర్చునే వైపు చాపల మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేత ఇవతలి నుంచి పాఠం చెప్పించాడు. మూడో పాఠానికి నలుగురు గురక పెట్టారు. వాళ్ళలో ఒకాయన ఉలిక్కిపడి లేచి, "నేను చెప్పేదీ ఇలాగే ఉంటుందా?" అని అడిగాడు.

అప్పటి నుంచి పని చకచకా సాగింది. పేరు పెట్టి పిలవండి. నాలుగు ముక్కలు చెప్పి ఆగండి. విన్నది వాళ్ళ చేత తిరిగి చెప్పించండి. అవతల చాప కిర్రుమందంటే ఎవరికో విసుగు పుట్టిందని తెలుసుకోండి. ఐదో రోజుకే తెర వెనక నుంచి ప్రశ్నలు రావడం మొదలైంది.

అవధానులు మాత్రం ఆ ఛాయలకు రాలేదు.

"బొమ్మలాడించేవాడి దగ్గర నేను ఓనమాలు దిద్దాలా? పదో రోజున సభలో నేనే పాఠం చెబుతాను ప్రభూ. నేను చెప్పినా పిల్లలకు ఎక్కకపోతే ఇంకెవరు చెప్పినా ఎక్కనట్టే. ఆనాటితో బడి మూసేయండి." రాజు సరేనన్నాడు.

ఆ మాట వీరోజి చెవిన పడింది. పదకొండుమంది పడ్డ కష్టం ఈ ఒక్కడి పాఠంతో కొట్టుకుపోయేలా ఉంది. ఆలోచించి ఆలోచించి చారుమతి దగ్గరకు వెళ్ళాడు.

"పాఠం అర్థమవుతున్నంతసేపే కూర్చోండి తల్లీ. అర్థం కానప్పుడు చప్పుడు చేయకుండా లేచి వెళ్ళండి."

"గురువుగారు చెబుతూండగా లేవడం తప్పు కాదా తాతా?"

"ఆయన గమనిస్తే తప్పే. అప్పుడు కాళ్ళు పట్టుకోవడానికి నేనున్నాగా."

పదో రోజు సభ నిండింది. రాజు, రాణి, వీరోజి పిల్లల వైపు, మిగతావాళ్ళు అవధానుల వైపు కూర్చున్నారు. అవధానులు కళ్ళు మూసుకుని వ్యాకరణం అందుకున్నాడు. సంధుల నుంచి సమాసాల్లోకి, అక్కడి నుంచి తాను గెలిచిన ఆస్థానాల్లోకి వెళ్ళాడు.

మొదట ఒక పిల్ల లేచింది. తర్వాత ఇద్దరు, వాళ్ళ వెనకే ఇంకొకతె. రాజు ఏదో అనబోతే రాణి చెయ్యి పట్టుకుని ఆపింది. చివరికి చారుమతి కూడా తెరకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఎవరు లేచినా వీరోజి ఆ చాప మీద ఒక తోలుబొమ్మను గోడకు ఆనించాడు.

రెండు గడియల తర్వాత అవధానులు కళ్ళు తెరిచాడు.

"అర్థమైందా?"

"అయింది గురువుగారూ" అన్నాడు వీరోజి, వరసగా ఐదు రకాల ఆడపిల్లల గొంతులతో. రాజు ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు.

"విన్నారా?" అవధానులు సభకేసి తిరిగాడు. "మూడో గొంతు ఎవరిదో గానీ చురుకైన పిల్ల. నేను చెప్పింది చెప్పినట్టు పట్టేసింది. ఎవరు పడితే వాళ్ళు చెబితే ఎక్కదు గానీ, నావంటివాడు చెబితే ఎక్కుతుంది."

వీరోజి తాడు లాగాడు. తెర కింద పడింది.

మూడో చాప మీద గాడిద బొమ్మ, చెవులు నిక్కించి అవధానులకేసే చూస్తోంది.

సభ గొల్లుమంది. అవధానుల మొహం కందిపోయింది.

"ఇది మోసం. పిల్లలేరి?"

"మీరు సమాసాల్లోకి వెళ్ళినప్పుడు వాళ్ళు తోటలోకి వెళ్ళారు స్వామీ."

"తెర అడ్డం ఉంటే నాకెలా కనపడతారోయ్?"

వీరోజి చేతులు జోడించాడు.

"కనపడరు స్వామీ. మనం నోరు మూస్తే వినపడతారు."

ఈసారి రాజు ఆపుకోలేకపోయాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, తన చేతి కంకణం తీసి వీరోజికి తొడిగాడు. "ఇవాళ్టి నుంచి మా విద్యాపీఠంలో గురువులకు గురువువి నువ్వే. బడి మూసే మాట ఇంకెవరూ ఎత్తవద్దు" అన్నాడు.

అవధానులు గాడిద బొమ్మను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. చివరికి ఆయన మీసాల కిందా నవ్వు కదిలింది.

"రేపు ఎన్ని గడియలకు రమ్మంటావు వీరోజీ?"